విదేశంలో కాపురం ఉంటూ భార్యకో భర్తకో అమెరికా గ్రీన్‌కార్డు స్పాన్సర్ చేసేవాళ్ల కోసం

ఒకరిది అమెరికా పాస్‌పోర్టు, ఇంకొకరిది ఇండియా పాస్‌పోర్టు, కాపురమేమో హైదరాబాద్‌లోనో దుబాయ్‌లోనో లండన్‌లోనో. ఇలాంటి జంటలు ఇప్పుడు మనవాళ్లలో చాలామందే ఉన్నారు. కొందరు పౌరసత్వం వచ్చాక వెనక్కి వచ్చేసినవాళ్లు. ఇంకొందరు అమ్మానాన్నలు హెచ్1బీ మీద ఉన్న రోజుల్లో అక్కడ పుట్టి, మాటలు కూడా సరిగ్గా రాని వయసులో ఇక్కడికి వచ్చి, ఇక్కడే చదువుకుని పెళ్లి చేసుకున్నవాళ్లు. అమెరికా వెళ్లి స్థిరపడదామని అనుకోగానే అందరూ పెళ్లి ఫొటోలు, శుభలేఖలు పోగుచేయడం మొదలుపెడతారు. కలిసి ఉంటున్న జంటకి పెళ్లి నిజమైనదేనని నిరూపించుకోవడం ఏమంత కష్టం కాదు. కేసు ఆగేది తర్వాత వచ్చే ఐ-864 అనే ఆర్థిక పూచీ ఫారం దగ్గర. పౌరసత్వం ఉన్న మనిషి అమెరికాలో ఉండడం లేదు, అక్కడ జీతం లేదు, చాలాసార్లు పన్ను రిటర్నులూ లేవు. ఈ మూడింటినీ మొదటి రోజు నుంచే సర్దుకుంటూ వస్తే మిగతాదంతా కాగితాల పనే.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేదంతా స్పాన్సర్ అమెరికా పౌరుడో పౌరురాలో అయినప్పుడు. పౌరుల జీవిత భాగస్వాములకు వీసాల కోటా లేదు, క్యూ లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా భార్యనో భర్తనో స్పాన్సర్ చేయవచ్చు కానీ, అది ఎఫ్2ఏ అనే కోటా ఉన్న కేటగిరీ. పైగా గ్రీన్‌కార్డు పెట్టుకుని ఏళ్ల తరబడి బయట ఉంటే ముందు ఆ కార్డుకే ముప్పు.

పిటిషన్ వేయడం

ఒకప్పుడు విదేశాల్లోని యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ) ఆఫీసులోనే ఐ-130 అనే స్పాన్సర్ పిటిషన్ ఇచ్చేసి కొద్ది నెలల్లో వీసా తెచ్చుకునే వీలుండేది. ఆ దారి 2020 ఫిబ్రవరి 1 నుంచి మూసుకుపోయింది. ఇప్పుడు కాన్సులేట్ నేరుగా పిటిషన్ తీసుకునేది అసాధారణ పరిస్థితుల్లోనే: సైన్యంలో ఉన్నవాళ్ల కేసులు, వైద్యపరమైన అత్యవసరం, ప్రాణభయం, ఉద్యోగరీత్యా చాలా తక్కువ వ్యవధిలో అమెరికాకు బదిలీ కావడం లాంటివి. బదిలీ ఉత్తర్వు నిజంగా అంత హఠాత్తుగా వచ్చి ఉంటే కాన్సులేట్‌కి రాసి అడగడంలో తప్పు లేదు. మిగతావాళ్లంతా ఆన్‌లైన్‌లో వేయడమే మేలు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఉన్న ఫీజు ప్రకారం ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. ఏ దేశంలో కూర్చునైనా వేయవచ్చు.

ఫారంలో ఒక ప్రశ్న దగ్గర ఆగి చూసుకోండి. లబ్ధిదారు, అంటే మీరు స్పాన్సర్ చేసే భార్యో భర్తో, అమెరికాలోనే స్టేటస్ మార్చుకుంటారా, లేక కాన్సులేట్‌లో వీసాకి అప్లై చేస్తారా అని అడుగుతుంది. కాన్సులేట్ అనే చెప్పాలి, ఊరూ దేశమూ రాయాలి. పొరపాటున మొదటిది ఎంచుకుంటే పిటిషన్ ఆమోదం పొందాక కూడా ఫైలు యూఎస్‌సీఐఎస్ దగ్గరే ఉండిపోతుంది. దాన్ని నేషనల్ వీసా సెంటర్‌కి, అంటే ఎన్‌వీసీకి పంపించమని ఐ-824 వేసి, మళ్లీ ఫీజు కట్టి, మళ్లీ నెలలు ఎదురుచూడాలి. ఐ-130తో పాటు భార్యదో భర్తదో వివరాలుండే ఐ-130ఏ కూడా నింపాలి. భార్యో భర్తో అమెరికా బయట ఉంటే దాని మీద వాళ్ల సంతకం తప్పనిసరి కాదు కానీ, వివరాలు మాత్రం పూర్తిగా ఉండాలి.

కలిసి ఉంటున్న జంటకి రుజువులు ఇంట్లోనే ఉంటాయి. ఇద్దరి పేర్లున్న అద్దె ఒప్పందం, జాయింట్ అకౌంట్ స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్సులో నామినీ పేరు, ఒకే చిరునామా చూపించే ప్రభుత్వ కార్డులు. గల్ఫ్‌లో ఉండేవాళ్లయితే భార్యో భర్తో స్పాన్సర్‌గా ఉన్న రెసిడెన్స్ వీసా కాపీ తప్పకుండా పెట్టండి. మరో దేశపు ప్రభుత్వం పెళ్లి సర్టిఫికెట్ చూసి ఇచ్చిన కాగితం కాబట్టి దానికి బరువు ఎక్కువ. పెళ్లి ఫొటోలు పది చాలు, ఆల్బమ్ మొత్తం అక్కర్లేదు. అయితే పెళ్లి రిజిస్టర్ అయి ఉండాలి. కల్యాణమండపం రసీదు, పురోహితుడి లేఖ రిజిస్ట్రార్ సర్టిఫికెట్‌కి బదులు కావు. ఇద్దరిలో ఎవరికి ఇది రెండో పెళ్లయినా మొదటి పెళ్లికి సంబంధించిన కోర్టు డిక్రీ కావాలి. పెద్దమనుషుల ముందు రాసుకున్న విడాకుల కాగితాన్ని నమ్ముకుని వెళ్తే ఇబ్బందే.

పేర్ల గొడవ మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, జనన ధ్రువపత్రంలో అసలు పేరే లేకుండా ‘ఆడపిల్ల’ అని మాత్రమే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ‘ఎఫ్ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. ఆ తర్వాత సోషల్ సెక్యూరిటీ, డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు, అన్నిచోట్లా అదే వెంటాడుతుంది. పిటిషన్ వేయకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా వేయించుకోండి. మిగతా కాగితాల్లో తేడాలుంటే అవన్నీ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ జతచేయండి. జననం నమోదు కాకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి నమోదు కాలేదన్న ధ్రువపత్రం, దానికి తోడు తల్లిదండ్రుల అఫిడవిట్, స్కూలు రికార్డు పెట్టాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం ఉండాలి. అనువాదం పూర్తిగా, సరిగ్గా ఉందనీ, తనకి రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు రాసి, పేరు, సంతకం, తేదీ వేయాలి. ఆ పని భార్యాభర్తల్లో ఎవరూ చేయకుండా మూడో మనిషితో చేయించడం మంచిది.

డొమిసైల్

పిటిషన్ ఆమోదం పొందాక కేసు ఎన్‌వీసీకి వెళ్తుంది. అక్కడ వీసా ఫీజు 325 డాలర్లు, ఐ-864 పరిశీలనకి 120. ఆ తర్వాత డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, కాగితాలు అప్‌లోడ్ చేయాలి. ఇక్కడే అసలు విషయం.

ఐ-864 అంటే వచ్చే మనిషి ప్రభుత్వానికి భారం కాకుండా నేను చూసుకుంటానని పౌరుడు రాసిచ్చే చట్టబద్ధమైన ఒప్పందం. దాని మీద సంతకం చేసేవాళ్లకి అమెరికాలో డొమిసైల్, అంటే స్థిర నివాసం, ఉండాలని చట్టం అంటుంది. మీ ఆదాయం చాలకపోతే అమెరికాలో ఉన్న అన్నయ్యనో మేనమామనో జాయింట్ స్పాన్సర్‌గా పెట్టుకోవచ్చు. కానీ డొమిసైల్ లోటుని ఏ జాయింట్ స్పాన్సరూ పూడ్చలేరు. మావాళ్లకి అక్కడ సొంతిల్లుంది, మంచి జీతం ఉంది, వాళ్లు సంతకం పెడతారు అని ధైర్యంగా ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్ల చేతికి, ఇంకా ఆధారాలు కావాలంటూ వీసా ఆపే 221(జి) కాగితం వచ్చేది ఇందుకే.

డొమిసైల్ మూడు రకాలుగా చూపించవచ్చు. మొదటిది, అమెరికాలోనే ఉండడం. రెండోది, బయట ఉన్నా అది తాత్కాలికమే, అక్కడి సంబంధాలు తెంచుకోలేదని చూపించడం. అమెరికా ప్రభుత్వ ఉద్యోగం, విదేశీ వ్యాపారం కోసం అమెరికన్ కంపెనీ బయటికి పంపడం, గుర్తింపు ఉన్న అమెరికన్ పరిశోధనా సంస్థ పని, ఇలాంటి వాటికి చట్టంలోనే చోటుంది. మూడోది మనలో ఎక్కువమందికి పనికొచ్చేది: ఇప్పుడు అక్కడ లేను, కానీ భార్యో భర్తో అడుగుపెట్టే రోజుకల్లా నేనూ అక్కడ నివాసం ఏర్పరచుకుంటాను అని చూపించడం. స్పాన్సర్ ముందే వెళ్లి నెలలు నెలలు విడిగా ఉండాల్సిన పని లేదు. ఇద్దరూ కలిసి ఒకే విమానంలో దిగవచ్చు. భార్యో భర్తో ఒక్కరే ముందు వెళ్లడం మాత్రం కుదరదు.

‘వెళ్లాలని ఉంది’ అంటే సరిపోదు. అడుగులు పడుతున్నాయని కనబడాలి. అమెరికాలో బ్యాంకు ఖాతా, దానిలోకి ఇక్కడి నుంచి పంపిన డబ్బు. ఉద్యోగాలకి పెట్టిన దరఖాస్తులు, ఇంటర్వ్యూ మెయిళ్లు. చివరగా నివసించిన రాష్ట్రంలో ఓటరు నమోదు, విదేశం నుంచి వేసిన ఓటు. పిల్లలుంటే అక్కడి స్కూల్లో చేర్చుకోవడం గురించి నడిచిన ఉత్తరాలు. సామాను తరలించే కంపెనీ ఇచ్చిన కొటేషన్. ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఉంటే ఆ లేఖ, లేదా బదిలీకి కంపెనీ ఒప్పుకున్న లేఖ.

వీటి పైన పెట్టడానికి స్పాన్సర్ స్వయంగా ఒక ఉత్తరం రాయాలి. ఒక పేజీ చాలు. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా దేశంలో ఉంటున్నాను, కారణం ఇది. వీసా వచ్చాక ఫలానా నెలలో నా భార్యతో కలిసి ఫలానా ఊరికి వస్తున్నాను. మొదట ఉండబోయేది ఈ చిరునామాలో. ఇక్కడి అద్దె ఒప్పందం ఫలానా తేదీకి ముగుస్తుంది. ఇంతవరకు చేసిన పనులు ఇవి, వాటి కాపీలు వెనక వరుసగా ఉన్నాయి. మొదట బంధువుల ఇంట్లో ఉండబోతుంటే, తమ ఇంట్లో ఉండనిస్తామని వాళ్లు సంతకం చేసిన లేఖ, ఆ ఇంటి కరెంటు బిల్లో పన్ను రసీదో జతచేయండి. ఊరు పేరు, నెల, చిరునామా లేని ఉత్తరం ఎంత చక్కగా రాసినా ఆఫీసర్‌కి ఉపయోగపడదు.

చిన్నప్పుడే వచ్చేసినవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. వాళ్లకి పాత బ్యాంకు ఖాతా ఉండదు, డ్రైవింగ్ లైసెన్సు ఉండదు, ఓటు ఉండదు. వీలుంటే ఇంటర్వ్యూకి ముందు రెండు మూడు వారాలు అక్కడికి వెళ్లి ఖాతా తెరిచి, ఫోన్ నంబరు తీసుకుని, ఉండబోయే చోటు మాట్లాడుకుని రావడం నా దృష్టిలో పెట్టిన ఖర్చుకి తగిన పని.

ఆదాయం లెక్క

కుటుంబంలో ఎందరున్నారో దాన్ని బట్టి అమెరికా ప్రభుత్వం చెప్పే పేదరిక రేఖకి 125 శాతం ఏడాది ఆదాయం చూపించాలి. 2025 పట్టిక ప్రకారం ఇద్దరికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312. అలాస్కా, హవాయి రాష్ట్రాలకి వేరే లెక్క. ఈ పట్టిక ఏటా మారుతుంది కాబట్టి సంతకం చేసే ఏడాది పట్టిక, అంటే ఐ-864పీ, చూసుకోండి. అంకె చూస్తే చిన్నదే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జీతం కూడా చాలాసార్లు దాన్ని దాటుతుంది. కానీ అమెరికా వెళ్లగానే ఆగిపోయే జీతం ఈ లెక్కలోకి రాదు. అదే ఉద్యోగం అక్కడి నుంచీ కొనసాగుతుందని కంపెనీ లేఖ ఇస్తే వస్తుంది. వచ్చే మనిషి జీతానికీ ఇదే సూత్రం: అదే యజమాని దగ్గర అదే ఆదాయం కొనసాగితేనే కలుపుకోవచ్చు. అమెరికాలో కొత్త ఉద్యోగానికి ఆఫర్ లెటర్ ఉంటే డొమిసైల్‌కి మంచి బలం. ఆదాయం లెక్క మాత్రం దాని ఒక్కదానితో గట్టెక్కుతుందని అనుకోవద్దు, పక్కన ఇంకో దారి పెట్టుకోండి.

ఆ ఇంకో దారి ఆస్తులు. పౌరుడి భార్యకో భర్తకో అయితే లోటుకి మూడు రెట్లు చూపించాలి. ఆదాయం సున్నా అనుకుంటే ఇద్దరి కుటుంబానికి 79,311 డాలర్లు. ఏడాదిలోపు నగదుగా మార్చుకోగలిగినవై ఉండాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు, మ్యూచువల్ ఫండ్లు, షేర్లు సులువు. ఇల్లూ స్థలమూ కూడా చూపించవచ్చు కానీ యాజమాన్య పత్రాలు, గుర్తింపు ఉన్న వాల్యుయర్ నివేదిక, అప్పు పోను మిగిలే విలువ, ఆ డబ్బు దేశం బయటికి తీసుకెళ్లవచ్చన్న ఆధారం, ఇవన్నీ కావాలి. వచ్చే మనిషి పేరున ఉన్న ఆస్తినీ కలుపుకోవచ్చన్నది చాలామంది గమనించరు.

జాయింట్ స్పాన్సర్ అయితే అమెరికాలో ఉండే పౌరుడో గ్రీన్‌కార్డుదారో అయి ఉండాలి. బంధువే కానక్కర్లేదు. వాళ్ల ఇంట్లోవాళ్ల సంఖ్యకి మీ భార్యనో భర్తనో కలిపి లెక్క వేస్తారు. వాళ్లు నలుగురైతే మొత్తం ఐదుగురు, 2025 పట్టికలో 47,062 డాలర్లు. వాళ్లు వేరే ఐ-864 ఇస్తారు. అయినా మీ ఐ-864 మీరు ఇవ్వాల్సిందే. అడిగే ముందు ఆ కాగితం అంటే ఏమిటో వాళ్లకి నిజాయితీగా చెప్పండి. వచ్చిన మనిషి పౌరసత్వం తీసుకునేదాకా, లేదా 40 క్వార్టర్ల (దాదాపు పదేళ్ల) పని లెక్క పూర్తయ్యేదాకా, లేదా గ్రీన్‌కార్డు వదులుకుని దేశం విడిచేదాకా, లేదా ఇద్దరిలో ఒకరు మరణించేదాకా ఆ బాధ్యత ఉంటుంది. విడాకులైనా పోదు. ఒక్క సంతకమే కదా అని పెట్టించుకోవడం అన్యాయం.

పన్ను రిటర్నులు

అమెరికా పౌరులు ఏ దేశంలో సంపాదించినా అమెరికాలో రిటర్ను వేయాలి. ఐ-864 కనీసం తాజా ఏడాది రిటర్ను అడుగుతుంది. ఆదాయం తక్కువ, వేయక్కర్లేదని అనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: పెళ్లయి, విడిగా రిటర్ను వేసేవాళ్లకి మినహాయింపు పరిమితి కేవలం 5 డాలర్లు. కాబట్టి ఉద్యోగం చేస్తున్న దాదాపు ప్రతివాళ్లూ వేయాల్సినవాళ్లే. ఇప్పటిదాకా వేయకపోతే, అది కావాలని చేసిన ఎగవేత కాకపోతే, విదేశాల్లో ఉన్నవాళ్ల కోసం ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) స్ట్రీమ్‌లైన్డ్ విధానం ఉంది. మూడేళ్ల రిటర్నులు, ఆరేళ్ల ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు ఖాతాల) రిపోర్టులు వేస్తే సరి. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ తప్పనిసరి. ఇది ఎన్‌వీసీ దాకా వచ్చాక మొదలుపెడితే నెలలు పోతాయి. ఐ-130 వేసిన వారంలోనే మొదలుపెట్టండి.

రెండు చోట్ల తరచూ పొరపాటు జరుగుతుంది. ఒకటి, పెళ్లయ్యాక కూడా ‘సింగిల్’ అని రిటర్ను వేయడం. భార్యకి అమెరికా నంబరేదీ లేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒప్పుకోక చాలామంది అలా చేసేస్తారు. పెళ్లయినట్టు పిటిషన్‌లో, కానట్టు రిటర్నులో ఉంటే ఆఫీసర్ అడగక మానరు. పెళ్లయి విడిగా వేస్తున్నట్టే వేయాలి. నంబరు లేని భార్య గడిలో ‘ఎన్ఆర్ఏ’ (నాన్ రెసిడెంట్ ఏలియన్) అని రాస్తారు. ఇప్పటికే తప్పుగా వేసి ఉంటే 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో సరిదిద్దుకోండి.

రెండోది విదేశీ ఆదాయ మినహాయింపు. ఫారం 2555 వాడితే ఆ మినహాయింపు షెడ్యూల్ 1లో మైనస్‌గా పడి, రిటర్ను ఫారం 1040లోని 9వ లైను, అంటే మొత్తం ఆదాయం, సున్నాకి దిగిపోతుంది. ఐఆర్ఎస్ ఇచ్చే రిటర్ను సారాంశం, అంటే ట్రాన్‌స్క్రిప్ట్‌లోనూ అదే కనబడుతుంది. పన్ను ఎగ్గొట్టినట్టు కాదు, చట్టం ఇచ్చిన వెసులుబాటే. అయితే ఐ-864లో మొత్తం ఆదాయం అని రాయాల్సింది ఆ 9వ లైను అంకెనే. అందుకే రిటర్ను పూర్తి కాపీ, ఫారం 2555, జీతం స్లిప్పులు, ఒక చిన్న వివరణ జతచేయండి. విదేశీ జీతానికి డబ్ల్యూ-2 (అమెరికన్ యజమాని ఇచ్చే జీతం పత్రం) ఉండదు కాబట్టి ఐ-864ఈజడ్ అనే పొట్టి ఫారం మీకు పనికిరాదు. పూర్తి ఐ-864 నింపాల్సిందే.

ఇంటర్వ్యూ దాకా

వచ్చే మనిషి ఇవ్వాల్సిన పోలీసు సర్టిఫికెట్లు 16 ఏళ్లు నిండినప్పటి నుంచి లెక్క. సొంత దేశంలో గానీ, ఇప్పుడుంటున్న దేశంలో గానీ ఆరు నెలలు దాటి ఉంటే అక్కడిది. ఇంతకుముందు ఏడాది, ఆపైన ఉన్న ఏ ఇతర దేశానిదైనా సరే. ఇండియాది పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చే పీసీసీ, బ్రిటన్‌ది ఏసీఆర్ఓ ఇచ్చేది. దేశాలు మారుతూ ఉండే జంటలకి నా సలహా ఒకటే: ఒక దేశం వదిలేటప్పుడు అక్కడి సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని బయల్దేరండి. వీసా, స్థానిక గుర్తింపు కార్డు రద్దయ్యాక దూరం నుంచి తెప్పించుకోవడం చాలా కష్టం.

ఎన్‌వీసీ నోటీసు వచ్చాక ఏడాదిపాటు ఏ కదలికా లేకపోతే కేసు రద్దయ్యే ప్రమాదం ఉంది. వెళ్లే తేదీ ఇంకా తేలకపోతే అప్పుడప్పుడు ఎన్‌వీసీకి ఒక సందేశం పంపుతూ ఉండండి. ఇంటర్వ్యూ వచ్చే మనిషి నివసించే దేశంలో గానీ, పౌరసత్వం ఉన్న దేశంలో గానీ జరుగుతుంది. ఇండియాలో ఇలాంటి కేసులు ముంబై కాన్సులేట్‌కి వెళ్తాయని అనుకుని ప్రయాణం, మెడికల్ లెక్కలు వేసుకోండి. 221(జి) వచ్చినా అది తుది తిరస్కరణ కాదు. అడిగినవి ఏడాదిలోపు ఇస్తే కేసు మళ్లీ కదులుతుంది. డీఎస్-260లో సోషల్ సెక్యూరిటీ కార్డు కావాలా అన్న ప్రశ్నలకి అవునని చెప్పండి. అమెరికా చిరునామా గడిలో ఉత్తరాలు భద్రంగా అందే చోటే ఇవ్వండి, గ్రీన్‌కార్డు వచ్చేది అక్కడికే. ప్రయాణానికి ముందు యూఎస్‌సీఐఎస్‌కి ఇంకో 235 డాలర్లు. ఆన్‌లైన్ పిటిషన్ నుంచి కలుపుకుంటే, మెడికల్ కాకుండా ప్రభుత్వ ఫీజులు 1,305 డాలర్లు.

పిల్లల విషయం విడిగా చూసుకోవాలి. ఈ కేటగిరీలో పిల్లలు తల్లి వెంటో తండ్రి వెంటో ఒకే పిటిషన్ మీద రాలేరు. పౌరసత్వం ఉన్న తల్లో తండ్రో బిడ్డ పుట్టకముందు అమెరికాలో మొత్తం ఐదేళ్లు, అందులో 14 ఏళ్లు నిండాక రెండేళ్లు ఉండి ఉంటే, ఇంకొకరు విదేశీయులైనా పెళ్లయిన జంటకి పుట్టిన బిడ్డ పుట్టుకతోనే పౌరుడు. వీసా కాదు, కాన్సులేట్‌లో జనన నమోదు, పాస్‌పోర్టు కావాలి. పసివయసులోనే వెనక్కి వచ్చేసినవాళ్లకి ఆ ఐదేళ్లు ఉండవు. అప్పుడు బిడ్డకి విడిగా ఐ-130 వేయాలి. ఇమ్మిగ్రెంట్ వీసాతో అడుగుపెట్టి 18 నిండకముందే ఆ తల్లితోనో తండ్రితోనో అక్కడ నివసిస్తే 2000 నాటి చట్టం కింద బిడ్డ పౌరుడవుతాడు. ఇది తెలియక తల్లి వీసా వచ్చేశాక బిడ్డ కోసం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పరిస్థితి రానీయకండి.

ప్రవేశించే తేదీ కూడా ఆలోచించి పెట్టుకోండి. అమెరికాలో అడుగుపెట్టే రోజుకి పెళ్లై రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతుల కార్డు. అది ముగిసే ముందు 90 రోజుల్లో షరతులు తీసేయమని ఐ-751 వేయాలి, దానికి 750 డాలర్లు. రెండేళ్లు నిండితే పదేళ్ల కార్డే. వీసాకి మామూలుగా ఆరు నెలల దాకా గడువుంటుంది, మెడికల్‌ని బట్టి ఇంకా తగ్గవచ్చు. రెండో పెళ్లిరోజుకి కొద్ది వారాలే మిగిలి ఉంటే ఆగి వెళ్లండి. వీసా మీద సీఆర్1 (షరతుల కేటగిరీ) అనే ఉన్నా, దిగినప్పుడు రెండేళ్లు నిండాయని చెప్పి పెళ్లి సర్టిఫికెట్ చూపించి ఐఆర్1గా, అంటే షరతుల్లేని కేటగిరీలో, నమోదు చేయమని అడగండి.

చివరిగా, గ్రీన్‌కార్డు తీసుకుని మళ్లీ ఇక్కడికే వచ్చి ఉండిపోదామన్నది మీ ఆలోచనైతే ఈ దారి పట్టకండి. ఏడాదికి మించి బయట ఉంటే ఆ కార్డుతో తిరిగి ప్రవేశించడం కుదరదు. రీ-ఎంట్రీ పర్మిట్‌కి అమెరికాలో ఉన్నప్పుడే ఐ-131 వేయాలి, అదీ గరిష్ఠంగా రెండేళ్లకే. పౌరుడిని అమెరికన్ కంపెనీయో ప్రభుత్వమో బయటి దేశంలో కనీసం ఏడాది పనికి పంపుతున్న సందర్భంలో మాత్రం వేరే దారి ఉంది. సెక్షన్ 319(బి) కింద భార్యో భర్తో మూడేళ్ల నివాసం లేకుండానే పౌరసత్వానికి అప్లై చేయవచ్చు. ఇంటర్వ్యూకి, ప్రమాణానికి మాత్రం అమెరికాలో ఉండాలి.